ఆదివాసీల మీద పిల్లల పాఠం: ముసాయిదా చూసి తప్పులు చెప్పండి

పలకబలపం | బెంగళూరు

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఆదివారం తెలుగు బడి కోసం ఒక పాఠం తయారవుతోంది. పిల్లలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వాళ్లు. పదహారు పేజీల పుస్తకం, దానికి తోడు ఏడు నిమిషాల వీడియో. చెన్నై తెలుగు బడివాళ్లు కూడా ఇదే వాడుకుంటామన్నారు. అందుకే తప్పు ఇక్కడే పట్టుకోవాలి. మొదటి పేజీ ముసాయిదా ఇది:

> గిరిజనులు కొండకోనల్లో నివసించే అమాయక ప్రజలు. వీరు పూర్వం ఆకులు, జంతుచర్మాలు ధరించేవారు. వేటాడి, తేనె, దుంపలు సేకరించి జీవిస్తారు. నాగరికతకు దూరంగా ఉంటూ ప్రకృతినే దైవంగా కొలుస్తారు. ఆటపాటలంటే వీరికి ప్రాణం. వీరికి లిపి లేని యాసలు ఉన్నాయి. వీరి పోడు వ్యవసాయం వల్ల అడవులు నశిస్తున్నాయి. వీరిని అభివృద్ధి చేయడానికి ప్రభుత్వం ఎన్నో పథకాలు అమలు చేస్తోంది.

బొమ్మలు ఇంకా వేయించలేదు. చివర్లో అల్లూరి సీతారామరాజు మీద ఒక పేజీ, ఆ తర్వాత ప్రశ్నలు ఉంటాయి. మొహమాటపడకుండా వాక్యం వాక్యం పట్టి చెప్పండి.

అచ్చుతప్పు | చెన్నై

ఎనిమిది వాక్యాలున్నాయి. ఒక్క తెగ పేరు లేదు, ఒక్క ఊరి పేరు లేదు, ఒక్క ఏడాది లేదు. మిగతా తప్పులన్నీ ఇక్కణ్ణుంచే పుట్టాయి. పేరు చెప్పకపోతే చెంచుల తేనె, సవరల గోడబొమ్మ, గోండుల నెమలి ఈకలు అన్నీ ఒకే మనిషికి తగిలిస్తాం. అలాంటి మనిషి ఏ ఊళ్లోనూ ఉండడు.

"అమాయక" సంగతి. మన పత్రికల్లో "అమాయక గిరిజనులు" జంటపదమైపోయింది. మోసం చేసినవాడి పద్ధతి చెప్పాల్సిన చోట, మోసపోయినవాళ్ల స్వభావం చెప్పి ఊరుకుంటుంది ఆ మాట. "సంతలో దొంగతూకం వేసి చింతపండు కొన్నాడు" అని రాస్తే పిల్లవాడికి జరిగింది అర్థమవుతుంది. "అమాయకుల్ని మోసం చేశాడు" అంటే వాళ్లు మోసపోవడానికే పుట్టారన్నట్టు ఉంటుంది.

"నాగరికతకు దూరంగా" అన్నదాంట్లో నగరం మాటలోనే ఉంది. దీని తోబుట్టువులు "అనాగరికం", "ఆటవిక చర్య", "ఆటవిక పాలన". నగరం నడిబొడ్డున జరిగిన ఘోరానికి కూడా అడవి పేరు పెట్టేస్తున్నాం. పాఠంలో రాకపోయినా వీడియో వ్యాఖ్యానంలో నోటివాటున దొర్లుతుంది, జాగ్రత్త.

"వీరు, వీరికి, వీరి, వీరిని" అని ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. మీ తరగతిలో ఎరుకల ఇంటి పిల్లో, లంబాడా ఇంటి పిల్లాడో ఉంటే ఆ "వీరు" ఎదురుగా కూర్చున్న ఆ బిడ్డే. చదువుతున్నవాళ్లు వేరు, చదవబడేవాళ్లు వేరు అనుకుని రాసిన పేరా ఇది.

చివరి వాక్యంలో కర్త ప్రభుత్వం. వాళ్లు కర్తగా ఉన్న వాక్యాల్లో క్రియలు ఏమిటి? ధరించడం, వేటాడటం, సేకరించడం, కొలవడం. ఊరి పంచాయితీ నడపడం, కోర్టుకి వెళ్లడం, పాఠం చెప్పడం, ఎన్నికల్లో నిలబడటం ఒక్కటీ లేవు.

ప్రతి పేరా పక్కన మూడు గళ్లు గీసుకోండి: ఏ తెగ, ఏ మండలం, ఏ ఏడాది. మూడూ నిండని పేరాని అచ్చుకి పంపకండి.

నల్లేరు | బెంగళూరు

అచ్చుతప్పు గారి మూడు గళ్లతో ఏకీభవిస్తాను. ముందు ఏ మాట వాడాలో తేల్చుకుందాం.

"గిరిజన" అంటే కొండమనుషులు. నెల్లూరు, తిరుపతి వైపు మైదానంలో, సముద్రం ఒడ్డున ఉండే యానాదులకు ఆ మాట ఎలా సరిపోతుంది? అయినా శాఖ పేరు గిరిజన సంక్షేమ శాఖ, 1956లో పెట్టిన సంస్థ పేరు గిరిజన సహకార సంస్థ. కాబట్టి ఆఫీసు పేరు చెప్పేటప్పుడు "గిరిజన" అలాగే ఉంచండి. "షెడ్యూల్డు తెగలు" చట్టం మాట. రాజ్యాంగం 342వ అధికరణ కింద రాష్ట్రాలవారీగా ప్రకటించే జాబితా అది. "ఆదివాసీ" వాళ్లలో చాలామంది తమకు తాము పెట్టుకుని పోరాడిన మాట. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ఆ మాట కోసమే పట్టుబట్టారు, కానీ రాజ్యాంగంలోకి రాలేదు.

దీంట్లోనూ ఒక చిక్కుంది. తెలంగాణలో గోండులు, కొలాములు, కోయలు తాము ఆదివాసీలమని, లంబాడాలను ఆ మాట కిందికి తేవద్దని అంటారు. లంబాడాలు ఒప్పుకోరు. ఆ తగవు తీర్చడం పిల్లల పుస్తకం పని కాదు, కానీ ఆ మాటకు ఒకే హద్దు ఉందన్నట్టు కూడా రాయకూడదు.

బెంగళూరు పిల్లలకు మాత్రం ఈ జాబితా సంగతి తప్పకుండా చెప్పండి, వాళ్ల చుట్టూ కనిపించేదే కాబట్టి. లంబాడాలు ఆంధ్ర, తెలంగాణల్లో షెడ్యూల్డు తెగ. కర్ణాటకలో వాళ్లే షెడ్యూల్డు కులం. ఎరుకలవాళ్లు ఆంధ్రలో తెగ. కర్ణాటకలో వాళ్ల దగ్గరి బంధువులు కొరచ, కొరమ షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. బోయలు అనంతపురంలో వెనుకబడిన తరగతి. సరిహద్దు దాటి బళ్లారి వెళ్తే నాయక, వాల్మీకి పేరుతో షెడ్యూల్డు తెగ. "తెగ" అంటే రక్తంలోనో ముఖకవళికల్లోనో ఉండేదని పిల్లలు అనుకోకుండా ఈ ఒక్క పటం ఆపుతుంది. రాష్ట్రాల హద్దులు గీసి, మూడు రంగులు వేసి, అరపేజీలో ఇవ్వండి.

వాడుక క్రమం ఇలా పెట్టుకోవచ్చు: మొదట తెగ పేరు. హక్కు, రిజర్వేషన్ మాటొచ్చినప్పుడు షెడ్యూల్డు తెగ. అందరినీ కలిపి చెప్పాల్సి వస్తే ఆదివాసీలు. "కొండజాతి", "వనవాసి", "అడవిబిడ్డలు" వద్దే వద్దు. వాళ్ల భాషలో వాళ్ల పేరు తెలిస్తే అదీ ఇవ్వండి. గోండులు తమను కోయితూర్ అనుకుంటారు, కోయలదీ అదే మాట.

పలకబలపం | బెంగళూరు

మూడు గళ్లు గీసి చూస్తే మొదటి పేజీ మొత్తం ఖాళీ. కొట్టేసి మళ్లీ రాస్తున్నాం. భాషల వాక్యం గురించి ఎవరైనా వివరంగా చెప్పగలరా? "లిపి లేదు" అన్నది పాత పుస్తకాల్లో కనిపించింది.

సున్నాపొల్లు | చెన్నై

ఆ వాక్యంలో రెండు తప్పులున్నాయి. ఒకటి "యాసలు", రెండోది "లిపి లేని".

గోండీ, కోయ, కువి, కొండ (కొండదొరల భాష), ఇవన్నీ తెలుగుతో పాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. అంటే తెలుగుకి తమిళం, కన్నడం కంటే గోండీ దగ్గరి చుట్టం. అది తెలుగు యాస కాదు, తెలుగుకి తోబుట్టువు. సవర అసలు ద్రావిడమే కాదు, ముండా కుటుంబం. చెంచులు, కొండరెడ్లు, యానాదులు ఇంట్లో మాట్లాడేది తెలుగే. కాబట్టి "వాళ్లకు తెలుగు రాదు" అని గంపగుత్తగా రాయడానికీ వీల్లేదు. ఎరుకలవాళ్ల భాషకు తమిళంతో దగ్గరి సంబంధం ఉంది, చెన్నై పిల్లలకు ఇది ఆసక్తిగా ఉంటుంది.

తరగతిలో చేయించడానికి అంకెలు బాగుంటాయి. గోండీలో ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్. పక్కన తెలుగు, కన్నడం, తమిళం రాయించి ఏది దేనికి దగ్గరో పిల్లల చేతే గీతలు కలిపించండి. ప్రాంతాన్ని బట్టి ఉచ్చారణ మారుతుందని ఒక వాక్యం చేర్చండి.

లిపి సంగతి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండీ రాతప్రతులు దొరికాయి, ఆ లిపినే గుంజాల గోండీ అంటున్నారు. 2018లో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టికలోకి వచ్చింది. మున్షీ మంగళ్‌సింగ్ మసారాం 1918లో తయారుచేసిన మసారాం గోండీ అంతకు ఏడాది ముందే చేరింది. సవరకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సోరంగ్ సొంపెంగ్ ఉంది. ఇక తెలుగు లిపిలోనే రాసుకునే కోయ, కొండ భాషలకు అదేమీ లోటు కాదు. ఇంగ్లీషు కూడా రోమన్ల దగ్గర అరువు తెచ్చుకున్న అక్షరాలతోనే రాస్తారు కదా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషలో ప్రాథమిక విద్య కోసం ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి: గోండీ, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా. అచ్చయింది తెలుగు లిపిలో. అంతకు చాలా ముందు, 1943లో, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండీలో బోధించడానికి ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. పిల్లలకు ఇది చెప్పాలి. ఆ భాష బడి గడప తొక్కి ఎనభై ఏళ్లు దాటింది.

ఇంకొకటి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజని. వ్యావహారిక భాష గురించే చెప్పి ఆపేస్తాం. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టించి, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. రెండూ అచ్చయింది మద్రాసులో. చెన్నై బడిలో ఈ పేజీ లేకపోతే లోటే.

అచ్చుకు వెళ్లేముందు ఒక మెలకువ. అను ఫాంట్లతో పేజీలు పెట్టేవాళ్లకు గుంజాల గోండీ దొరకదు, ఆ పద్ధతి యూనికోడ్ కాదు. గూగుల్ నోటో వాళ్ల గుంజాల గోండీ ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. బ్రౌజర్లోనో లిబ్రె ఆఫీసులోనో ఆ వాక్యం టైపు చేసి, పీడీఎఫ్‌గా తీసి, గీతలుగా మార్చి బొమ్మలా పేజీలో పెట్టండి. నేరుగా అతికిస్తే ప్రెస్సులో చదరపు గళ్లు వస్తాయి. చదవగలిగిన గోండు ఉపాధ్యాయులకు ప్రూఫు చూపించకుండా మాత్రం వేయొద్దు. తలకిందులుగా పడినా మనకు తెలియదు.

మడతపేజీ | చెన్నై

బొమ్మల దగ్గర ఎక్కువ ప్రమాదం ఉంది. వాక్యం పిల్లలు మరిచిపోవచ్చు, బొమ్మ గుర్తుంటుంది.

మొదటి తప్పు వార్లీ. తెలుగు పుస్తకంలో ఆదివాసీ పేజీ అనగానే అంచు చుట్టూ త్రికోణాల మనుషులు గుండ్రంగా ఆడుతుంటారు. అది మహారాష్ట్ర పాల్‌ఘర్ వైపు వార్లీల కళ. దాంతో మన్యం పేజీ అలంకరించడం, యక్షగానం బొమ్మ వేసి కింద కూచిపూడి అని రాయడం లాంటిదే. చుక్కలు, గీతలు నింపే రంగుల గోండు చిత్రాలది కూడా అదే ఇబ్బంది. అవి మధ్యప్రదేశ్‌లోని పరధాన్ గోండులవి, ఆదిలాబాద్ పేజీకి సరిపోవు. సవరల గోడబొమ్మలు మన ప్రాంతానివే, కానీ అవి పూర్వీకుల కోసం, పూజారి చెప్పిన సందర్భంలో వేసేవి. పేజీ అంచుకి లతలా వాడకండి. వాడాలనుకుంటే మొత్తం బొమ్మ వేసి, ఏమిటో వివరించి, వేసినవారి పేరు పెట్టండి, వారికి డబ్బు ఇవ్వండి.

రెండోది తల మీద ఈకలు. ఇది అమెరికా సినిమాల నుంచి వచ్చి మన సినిమాల్లో, ఊళ్లలో కోయదొర వేషాల్లో స్థిరపడింది. అయితే ఈకలన్నీ అబద్ధం కాదు. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీలో నెమలి ఈకల టోపీ నిజం. అది దీపావళి రోజుల్లో దండారీ పండుగలో కట్టేది. ఆ నాట్యానికి మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అదే టోపీతో మనిషి నాగలి దున్నుతున్నట్టు వేస్తే తప్పు. కోయల కొమ్ముల నాట్యానికీ ఇదే వర్తిస్తుంది.

నేను సూచించే లెక్క: పుస్తకంలో పది మంది కనిపిస్తే ఏడుగురు ఇవాళ్టి పనిబట్టల్లో ఉండాలి. చొక్కా, లుంగీ, నైటీ, బడి యూనిఫాం, తలపాగా, ఏది నిజమైతే అది. పండుగ బట్టలు పండుగ పేరున్న పేజీలోనే. చేతిలో బల్లెం వద్దు. కొడవలి, తూకం, ఫోను, రేషను కార్డు, సుద్దముక్క వేయండి. ఒంటిరంగు అందరికీ ఒకే సీసాలోంచి పోయకండి.

బొమ్మకు ఆధారంగా ఫొటో తీసుకుంటే దాని మీద ఊరు, తేదీ, తీసినవారి పేరు ఉండాలి. ఊరికే వెతికితే మసాయిలు, పాపువా వాళ్లు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు కలిసి వస్తారు. కృత్రిమ మేధతో బొమ్మ చేయిస్తే ఇంకా కష్టం. ఈ ముగ్గురినీ కలిపి ఒకే మనిషిని చేసి, పూసలు వేసి ఇస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది కాబట్టి తప్పు పట్టుకోలేం.

ఇక బడి వార్షికోత్సవంలో ఆకుల లంగా కట్టి "ఆదివాసీ వేషం" వేయించే ఆలోచన ఎవరికైనా ఉంటే, దయచేసి ఇక్కడే మానుకోండి.

కొర్రకంకి | బెంగళూరు

పోడు వాక్యం. "పోడు వల్ల అడవులు నశిస్తున్నాయి" అనడం మద్రాసు అటవీ చట్టం రాసిన 1882 నాటి అధికారి గొంతు. పద్ధతి ఏమిటో ముందు చెప్పండి. కొండవాలులో చిన్న చెలక ఎంచుకుంటారు. వేసవిలో పొదలు, కొమ్మలు నరికి ఎండబెట్టి, వానలకు ముందు కాల్చుతారు. పెద్ద చెట్లు, ఇప్ప, చింత లాంటివి ఉంచేస్తారు. బూడిదే ఎరువు. తొలకరికి సామ, కొర్ర, చోడి, కంది, జొన్న కలిపి చల్లుతారు. కలపడానికి కారణం ఉంది. ఒకటి వానకు పోయినా మరొకటి నిలుస్తుంది, కోతలు ఒకేసారి మీద పడకుండా నెలలకొద్దీ సాగుతాయి. రెండు మూడేళ్లు పండించి ఆ చెలక వదిలేసి ఇంకో చోటికి వెళ్తారు, పాతది మళ్లీ పొదలెక్కుతుంది.

ఎక్కడ చెడింది? వదిలేసే ఏళ్లు తగ్గినప్పుడు. అడవి రిజర్వు అయ్యాక, గనులు, ఆనకట్టలు వచ్చాక, తిరగడానికి నేల లేక అదే చెలకలో పదేపదే వేయాల్సి వచ్చింది. అప్పుడు మట్టి కొట్టుకుపోతుంది. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగాన్ని నిందిస్తే పిల్లలకు సగం శాస్త్రమే అందుతుంది.

దీనికి ఆనుకుని అటవీ హక్కుల చట్టం, 2006 ఒక చిన్న పెట్టెలో ఇవ్వొచ్చు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమి, కుటుంబానికి గరిష్ఠంగా నాలుగు హెక్టార్లు, అంటే దాదాపు పదెకరాలు. దరఖాస్తు మొదట గ్రామసభకే. బెంగళూరు పిల్లలకు దగ్గరి ఉదాహరణ బిళిగిరి రంగన కొండలు. అక్కడ సోలిగ తెగవాళ్లకు 2011లో సాముదాయిక అటవీ హక్కులు గుర్తించారు, పులుల అభయారణ్యంలో ఉండగానే. "పులి ఉన్నచోట మనిషి ఉండకూడదు" అని బడిలో నేర్చుకున్న పిల్లలు దీని గురించి ప్రశ్నలు అడుగుతారు, అడగనివ్వండి.

తీర్పుకాపీ | చెన్నై

అల్లూరి పేజీ గురించి. "అమాయక గిరిజనులను చైతన్యపరిచి" అని మొదలవుతుందని ఊహిస్తున్నాను, చాలా పుస్తకాల్లో అలాగే ఉంటుంది కనుక. సీతారామరాజు గొప్పతనం తగ్గించాల్సిన పనిలేదు. కానీ ఆయన రాకముందు అక్కడ నిద్రపోతున్న జనం లేరు. 1879లోనే రంపలో తమ్మన్నదొర వంటివాళ్లతో పెద్ద తిరుగుబాటు నడిచింది. కారణాలు చిగురుపన్ను (కల్లు మీద పన్ను), కల్లు గీత మీద ఆంక్షలు, ముఠాదారుల (కొన్ని కొండ ఊళ్లకు కలిపి పెద్దలు) అధికారాలు, అడవి మీద కట్టడి. 1922కి వచ్చేసరికి గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టడం, కొట్టించడం తోడయ్యాయి.

ఆ పేజీలో రాజుతో కలిసి పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు శీర్షిక స్థాయిలో ఉండాలి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు. మూడు రోజుల్లో మూడు చోట్లంటే దారులు, గూడేలు, తిండి, కబురు అన్నీ ఆ ఊళ్లవాళ్ల చేతిలో ఉన్నాయన్నమాట. పటం మీద ఈ మూడు ఊళ్లు గుర్తించి మధ్య దూరాలు పిల్లల చేత కొలిపించండి. మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. కథ 1924లో కొయ్యూరు దగ్గర ఆగిపోకుండా ఈ వాక్యం ముందుకు నడిపిస్తుంది.

పక్కపేజీలో కొమరం భీం ఉంటే మంచిది. గోండు నాయకుడు, 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. ఆయన చనిపోయిన తేదీ పుస్తకానికొక రకంగా ఉంది, ఏడాదితో సరిపెట్టండి.

ఆ తర్వాత కూడా కనీసం రెండు ఘట్టాలు కావాలి. 1970 నాటి ఒకటో నంబరు నిబంధన: షెడ్యూల్డు ప్రాంతంలో (ఆదివాసీలు ఎక్కువగా ఉన్నచోట రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతం) భూమి ఆదివాసీయేతరుల చేతికి బదిలీ కావడం చెల్లదు. సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997 తీర్పు: షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇది అనంతగిరి మండలం ఊళ్ల నుంచి మొదలైన పోరాటం. కర్ణాటక, తమిళనాడుల్లో అయిదో షెడ్యూలు ప్రాంతాలే లేవు, కాబట్టి మీ రెండు ఊళ్ల పిల్లలకు "షెడ్యూల్డు ప్రాంతం" అంటే ఏమిటో ఒక వాక్యంలో విడమరచాలి.

అచ్చుతప్పు | చెన్నై

చెన్నైకి సంబంధించిన ఒక హెచ్చరిక. యూట్యూబులో తెగల మీద తెలుగు వీడియోలు చాలావరకు ఒకే మూలం నుంచి కాపీ అవుతున్నాయి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చు వేయించిన ఏడు సంపుటాలు. హక్కుల గడువు తీరింది, ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా దించుకోవచ్చు. మనుషుల ముక్కులు, తలలు కొలిచి స్వభావం తేల్చొచ్చని నమ్మిన కాలంలో రాసింది అది. కొన్ని తెగల మీద పుట్టు నేరస్తులని ముద్రవేసిన నేర తెగల చట్టం అమల్లో ఉన్న కాలం కూడా అదే. దాంట్లోంచి ఏ వాక్యం తీసుకున్నా "1909లో ఒక వలస అధికారి ఇలా రాశాడు" అని ముందు పెట్టాలి. వర్తమాన కాలంలో "వీరి ఆచారం ఏమిటంటే" అని పెడితే నూట పదిహేనేళ్ల నాటి అభిప్రాయం ఇవాళ్టి వార్త అవుతుంది.

నేర తెగల చట్టం 1871లో వచ్చింది. 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి పాకింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పెట్టిన సెటిల్‌మెంటే, ఎరుకల కుటుంబాలను తెచ్చి హాజరు వేయించుకుంటూ ఉంచిన ఊరు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. సినిమాలు, క్రైం వార్తలు మాత్రం ఆ ఊరి పేరుని ఇప్పటికీ దొంగతనానికి పర్యాయపదంగా వాడుతున్నాయి. కించపరిచే సందర్భంలో కులం పేరు రాయొద్దని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. ఆ సంస్థ అధికారం పత్రికల వరకే కనుక మీ వీడియోకి మీరే ఆ నియమం పెట్టుకోవాలి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో విముక్త జాతుల్ని (ఒకప్పుడు నేర తెగల చట్టం కింద ఉన్నవాళ్లను) పుట్టు నేరస్తులుగా చూసే నిబంధనల్ని కొట్టేసింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది చెప్పొచ్చు, అర్థం చేసుకునే వయసే.

సున్నాపొల్లు | చెన్నై

తమిళనాడులోని ఇరుళర్ తెగ గురించి ఎవరూ ఎత్తలేదు. చెన్నై ప్రతిలో ఒక పేజీ వాళ్లకు ఇవ్వాలి, చెంగల్పట్టు, తిరువళ్లూరు జిల్లాల్లోనే ఉన్నారు కదా. అక్కడ జరిగే తప్పు "ఇరుళర్ అంటే పాములు పట్టేవాళ్లు". ఎక్కువమంది వ్యవసాయ కూలీ, ఇటుక బట్టీ, రైసు మిల్లు పనుల్లో ఉన్నారు. పాముల సహకార సంఘం 1978లో మామల్లపురం దారిలో మొదలైంది. అది రాస్తే పనిగా రాయండి, వింతగా కాదు. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటినీ లైసెన్సులో చెప్పిన సంఖ్యకు మించకుండా పట్టి, కుండల్లో కొన్ని వారాలు ఉంచి, నాలుగుసార్లు విషం తీసి, పొట్ట పొలుసుల మీద గుర్తు వేసి అడవిలో వదులుతారు. గుర్తు ఎందుకంటే, అదే పాము మళ్లీ వెంటనే దొరికితే వదిలేయడానికి. మన ఆసుపత్రుల్లో పాముకాటు మందుకి మూలం ఆ విషం. "పుట్టుకతో వచ్చిన విద్య" అనకండి. జాడ చూసి జాతి చెప్పడం పెద్దవాళ్ల వెంట తిరిగి ఏళ్ల తరబడి నేర్చుకునేది. వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

"జై భీమ్" చూసిన పిల్లలు ఉంటారు కాబట్టి మరొకటి. దానికి ఆధారమైన 1993 నాటి నిజ ఘటనలో చనిపోయిన వ్యక్తి కురవ సమాజం వారు, సినిమాలో ఇరుళర్‌గా మార్చారు. సినిమా మంచి చేసింది, ఇరుళర్ల బాధా నిజమే. అయినా పాఠంలో ఆ ఘటన చెబితే అసలు పేరే చెప్పాలి. ఒక సమాజానికి జరిగిన అన్యాయం రికార్డులో వాళ్ల పేరుతోనే ఉండాలి కదా.

నిడివి | బెంగళూరు

వీడియో గురించి క్లుప్తంగా. గోండీలోనో కోయలోనో మాట్లాడినవారి గొంతు తీసేసి తెలుగు డబ్బింగ్ పెట్టొద్దు. కింద అక్షరాలు వేయండి. అనువాదం మామూలు, మర్యాదైన తెలుగులో ఉండాలి. సినిమాల్లో ఆదివాసీ పాత్రలకు పెట్టే ముక్కల తెలుగు, "దొరా" అనే సంబోధన అక్కర్లేదు. కలెక్టరు ఎలా మాట్లాడినట్టు రాస్తామో, వీడియోలో గోండీ మాట్లాడే ఆవిడా అలాగే మాట్లాడినట్టు రాయాలి. చెంచులు తెలుగులోనే మాట్లాడితే వాళ్ల మాట వాళ్లదిగా ఉంచండి, దిద్దకండి.

అక్షరాల పరిమితి దగ్గర సాఫ్ట్‌వేరు మోసం చేస్తుంది. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. వరుసకు నలభై అని పెడితే తెలుగులో పదిహేను ఇరవై అక్షరాలకే ఎర్రగీత చూపిస్తుంది, దానికి భయపడి వాక్యాన్ని నరికేస్తే ఆవిడ ముక్కలుగా మాట్లాడినట్టు అవుతుంది. తెర మీద పెట్టి కంటితో చూసి నిర్ణయించండి. రెండు వరుసలు దాటకుండా, పిల్లవాడు పైకి చదివి ముగించేదాకా నిలపండి.

సంగీతం: గూడెం కనిపించగానే డప్పు, "హో హో" కేకలు వద్దు. అక్కడి శబ్దమే చాలు. ఎవరి పాటైనా వాడితే పాడినవారి పేరు తెర మీద, డబ్బు చేతికి.

అనుమతి: మాట్లాడేవారి భాషలో వివరించి, ఎక్కడ చూపిస్తారో చెప్పి, ఆ వివరణనే రికార్డు చేయండి. హాస్టల్లో పిల్లలైతే వార్డెను సంతకం చాలదు, తల్లిదండ్రుల్ని అడగాలి. కోత అయ్యాక చూపించి, వద్దంటే తీసేయాలి. అండమాన్ దృశ్యాలు నెట్లో దొరికాయని అక్కడి జరావా తెగవాళ్ల వీడియో ముక్క కలపకండి. వాళ్లను అలా చిత్రీకరించడమే అండమాన్ ఆదిమ తెగల రక్షణ కోసం పెట్టిన 1956 నిబంధన కింద నేరం.

పలకబలపం | బెంగళూరు

అందరికీ చేతులెత్తి నమస్కారం. పుస్తకం ఇరవై నాలుగు పేజీలకు పెరిగింది. ఇలా మారింది: జాబితా పటం, అంకెల పేజీ, గిడుగువారి సవర పేజీ, పోడు రెండు పేజీలు, రంప పటం, జోడేఘాట్, 1970, 1997, సోలిగలు, ఇరుళర్లు. ప్రశ్నల్లో "గిరిజనులు ఏమి తింటారు, ఏ దుస్తులు ధరిస్తారు" కొట్టేశాం. బదులుగా "చెలకను రెండు మూడేళ్ల తర్వాత ఎందుకు వదిలేస్తారు", "చింతపల్లి నుంచి రాజవొమ్మంగికి కబురు ఎలా చేరి ఉంటుంది", "మీ పాఠ్యపుస్తకంలో ఆదివాసీల మీద ఉన్న ఒక వాక్యం తీసుకుని మూడు గళ్లు నింపండి" అని పెట్టాం.

"ప్రకృతినే దైవంగా కొలుస్తారు" అన్న వాక్యం స్థానంలో రాసింది ఇది, చూడండి:

> ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశపు గోండులు నేటికీ ఏటా పుష్య అమావాస్య నాడు నాగోబాకు మహాపూజ చేస్తారు. అంతకు ముందు వాళ్లు కాలినడకన గోదావరికి వెళ్లి కలశంలో నీళ్లు తెస్తారు. ఆ ఏడు వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే వేడుకను భేటింగ్ అంటారు.

నల్లేరు | బెంగళూరు

తెగ ఉంది, మండలం ఉంది, తిథి ఉంది. బాగుంది. "నేటికీ" తీసేయండి. తిరుపతి బ్రహ్మోత్సవాల గురించి రాసేటప్పుడు "నేటికీ చేస్తారు" అనం కదా.

పలకబలపం | బెంగళూరు

తీసేశాను. రెండో పేజీలో, పదకొండో పేజీలో కూడా ఉంది, అవీ తీసేశాను. వచ్చే వారం బొమ్మల పెన్సిల్ గీతలు ఇక్కడ పెడతాం. ఉట్నూరులో ఒక గోండీ ఉపాధ్యాయుడికి అంకెల పేజీ ప్రూఫు పంపుతున్నాం, ఆయన దిద్ది పంపాకే ప్రెస్సుకి.